బావతో వాదన, మీగడ కట్టిన టీ

మాది గుంటూరు, మా బావది వరంగల్. 2014లో రాష్ట్రం విడిపోయే ముందు ఇద్దరం కూర్చుంటే చాలు గొడవే, అక్క విసుక్కుని టీవీ కట్టేసేది. ఒకసారి మాత్రం బావ అరవకుండా, "610 జీవో అంటే ఏంటో తెలుసారా నీకు?" అని అడిగాడు. నిజంగా తెలీదు. 1985లో వచ్చిందట, తెలంగాణలో ఉన్న స్థానికేతర ఉద్యోగులను వాళ్ల సొంత జోన్లకు పంపమన్న జీవో, దాన్ని ఏళ్లకు ఏళ్లు ఎలా నాన్చారో వాళ్ల నాన్న ఉద్యోగ తిప్పలతో కలిపి చెప్పుకొచ్చేసరికి నా టీ మీద మీగడ కట్టేసింది. తర్వాత నేను, హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడి గురించి నా టెన్షన్ చెప్పాను. విన్నాడు, మధ్యలో ఒకసారి ఫోన్ చూసుకున్నాడనుకోండి. విభజన మీద నా మాట మారలేదు, ఆయనదీ మారలేదు. అక్క టీ వేడి చేసి తెచ్చింది.