నేను రాసిన చీటీ

రాత్రి పన్నెండు కావస్తోంది. పాలకు తోడు వేశాను, తలుపులన్నీ వేశాను, అయినా కన్ను మూతపడట్లేదు. పొద్దున నేను రాసిన చీటీ ముక్క ఒకటి మనసులో గుచ్చుకుంటూనే ఉంది.

చిన్నదానికి కాలేజీలో ఏదో ప్రాజెక్టు. ఉగ్గాని తిని చేతులు కడుక్కున్నామో లేదో, మా నలుగురినీ చాప మీద కూర్చోబెట్టి "ఈ రోజు మీరే జ్యూరీ" అంది. అంటే కేసు విని దోషో కాదో తేల్చే మామూలు మనుషులం. ఎవరి మాట వాళ్లు చీటీ మీద రాయాలి. కేసు నానావతిది. 1959 ఏప్రిల్ 27, బొంబాయి. నౌకాదళంలో కమాండరు. అహూజా అనే అతనితో సంబంధం ఉందని భార్య సిల్వియా చెప్పిన రోజే ఓడకు పోయి రివాల్వరు తెచ్చుకుని, ముందు అతని ఆఫీసుకు, అక్కడ లేకపోతే ఇంటికి పోయాడు. మూడు తూటాలు, అహూజా చచ్చిపోయాడు. పెనుగులాటలో పేలిందని నానావతి వాదన. అప్పుడే స్నానం చేసి వచ్చినవాడి నడుముకు తువ్వాలు చుట్టింది చుట్టినట్టే ఉంది, మరి పెనుగులాట ఎక్కడ జరిగింది అని ప్రాసిక్యూషన్.

చిన్నది వాళ్ల నాన్న లుంగీ మీద తువ్వాలు చుట్టి, మా మరిదిని కలబడమంది. రెండు గుంజులు గుంజేసరికి అది జారి కాళ్ల దగ్గర పడింది. అందరం కళ్లారా చూశాం. చూసి కూడా ఈయన "నిర్దోషి" అని రాశాడు!

"తువ్వాలు సంగతేంది?" అన్నాను. "తువ్వాలుదేముందిలే, పెండ్లాం అట్ల చేస్తే ఏ మొగోడు ఊరుకుంటాడు?" అన్నాడు, కూతురి ముందర. మరిది కూడా అదే రాశాడు. పదిహేడేళ్లు మిలిటరీలో చేసిన మనిషి, యూనిఫాం వేసుకున్నోడు ఊరికే కాల్చడంటాడు. ఒక మనిషి ప్రాణం పోయిందన్న మాట ఇద్దరి నోటా రాలేదు. నాకు సాయంత్రం దాకా ఒళ్లు మండుతూనే ఉంది. పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. బొంబాయి జ్యూరీ కూడా ఇంతేనట. తొమ్మిది మందిలో ఎనిమిది మంది నిర్దోషి అన్నారు. ఆ తీర్పు ఒప్పుకోలేక సెషన్స్ జడ్జి కేసును హైకోర్టుకు పంపాడు. అక్కడ యావజ్జీవం పడింది, 1961లో సుప్రీంకోర్టూ అదే ఖాయం చేసింది. ఆ తర్వాత కూడా అక్కడక్కడా జ్యూరీలు నడిచాయట గానీ, 1974 ఏప్రిల్ 1న కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ వచ్చాక పోయాయి. పోవడమే మేలైంది అనుకుంటూ అంట్లు తోముతుంటే మా తాత గుర్తొచ్చాడు.

ఆ కాలంలో మన వైపు సెషన్స్ కోర్టులో అసెసర్లని ఉండేవాళ్లు. ముగ్గురో నలుగురో ఊరి పెద్దలు కూర్చుని అభిప్రాయం చెప్పేది. జడ్జి దాన్ని వినాలి, కానీ పాటించాలనేం లేదు. 1955లో ఆ పద్ధతి తీసేశారు. అంతకు ముందే తాతను కర్నూలు కోర్టు నుంచి పిలిచారు. ఎద్దులతో నీళ్లు తోడే కపిలబావి దగ్గర, నీళ్ల వంతు కాడ తమ్ముడు అన్నను పారతో కొట్టి చంపిన కేసు. ముగ్గురు దోషి అన్నారు. తాత ఒక్కడే కాదన్నాడు. ముసలితనంలో, కొర్రన్నంలో మజ్జిగ కలుపుకుంటా నాతో చెప్పాడు: "సాచ్చులు చెప్పిందంతా ఇన్న్యాను పాపా. కానీ బోనులో ఆ పిల్లోడు నా మాదిరే నిలబడ్న్యాడు." తాతకూ వాళ్లన్నకూ బావి వంతు కాడే ఇరవయ్యేళ్లు మాటల్లేవు. ఎండకు ఉల్లిగడ్డ మడి వాడిపోతుంటే, అన్న ఎద్దులు విప్పకుండా ఇంకో ఝాము కపిల తోలుకుంటా ఉంటే, గట్టు మీద నిలబడి చూసినోడు.

ఇన్నేళ్లూ దాన్ని తాత దయ అనే అనుకున్నాను, పిల్లలకూ అట్లే చెప్పాను. ఈయన చేసింది వేరేనా? ఆ చచ్చిపోయిన అన్న భార్య కూడా కోర్టులో కూర్చుని ఉంటుంది. తాత ఆమె గురించి ఒక్క మాట చెప్పలేదు, నేనూ అడగలేదు.

అట్లని, నీళ్ల వంతు అంటే ఏమిటో తెలియని జడ్జికి ఆ పార ఎందుకు లేచిందో ఎట్లా అర్థమవుతుంది? తెలిసినోడు ఒకడు పక్కన ఉండాల్సిందే అనిపిస్తుంది. తెలిసినోడేమో తన బావి కాడికి పోయి నిలబడతాడు. ఇక్కడే తిరుగుతున్నాను గంట నుంచి.

నా చీటీ సంగతి చెప్పలేదు కదా. "దోషి" అని రాశాను. తువ్వాలు జారక ముందే రాసి మడిచి పెట్టాను. సిల్వియా పేరు వినగానే మా అక్క మొహం కనిపించింది నాకు, బావ చెయ్యెత్తిన రోజు మొహం. సాక్ష్యం ఆ తర్వాత వచ్చింది, నాకు అనుకూలంగా వచ్చింది, అంతే.

అత్తమ్మ మాత్రం ఏమీ రాయలేదు. ఎంతసేపటికీ చీటీని మడుస్తూ, విప్పుతూ కూర్చుని, "ఆ సచ్చినోనికి అక్కచెల్లెండ్లు ఉండిరా?" అని అడిగింది. "ఒక తోబుట్టువుంది అవ్వా, మేమీ అని, కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పింది" అంది చిన్నది. అత్తమ్మకూ ఒక తమ్ముడు ఉండేవాడు. చీటీ అట్లే ఖాళీగా ఇచ్చేసి లేచి పోయింది.

పక్క గదిలో ఆమె దగ్గు వినిపిస్తోంది. ఇంకా పడుకోలేదు. వేడినీళ్లు ఇచ్చి వస్తాను.