పెడల్ సాయం లేకుండా బిగువైన హై గెయిన్ టోన్

హై గెయిన్ టోన్ (యాంప్‌లో సిగ్నల్‌ను బాగా పెంచి గరుకెక్కించిన ఎలక్ట్రిక్ గిటార్ ధ్వని) వదులుగా, అంటే నోట్లు విడివిడిగా వినిపించకుండా ఉందని గిటారిస్టులలో ఎవరితో చెప్పినా వచ్చే సలహా దాదాపు ఒకటే. యాంప్ ముందు ట్యూబ్ స్క్రీమర్ అనే ఓవర్‌డ్రైవ్ పెడల్ పెట్టి, దాని డ్రైవ్ (గరుకు మోతాదు) పూర్తిగా తగ్గించి, లెవెల్ (బయటికి వచ్చే సిగ్నల్ స్థాయి) పూర్తిగా పెంచమంటారు. ఆ సలహా నిజంగానే పనిచేస్తుంది. అయితే ఆ పెడల్ చేసే పని ఏమిటో విడదీసి చూస్తే, అదే పనిని గిటార్‌లోనూ, యాంప్‌లోనూ, వాయించే చేతిలోనూ చేసుకోవచ్చునని తెలుస్తుంది. నాకు ఈ రెండో దారే ఇష్టం. ఏ యాంప్ ముందు పెట్టినా ఆ పెడల్ తన మిడ్ (మధ్యస్థాయి ధ్వనుల) స్వభావాన్నే పైకి తెస్తుంది కనుక, ఏరికోరి కొనుక్కున్న యాంప్ అసలు గొంతు కొంత మరుగున పడుతుంది.

ట్యూబ్ స్క్రీమర్ సర్క్యూట్‌లో 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ కలిసి సుమారు 720 హెర్ట్జ్ దగ్గర హద్దు నిర్ణయిస్తాయి. అంతకు పైనున్న ధ్వనులు బాగా పెరుగుతాయి, కిందికి దిగేకొద్దీ ఆ పెరుగుదల తగ్గిపోతుంది. అంటే యాంప్‌లో డిస్టార్షన్ (అల మొనలు తెగి ధ్వని గరుకెక్కడం) మొదలయ్యే లోపలే సిగ్నల్‌లో మంద్ర ధ్వనుల వాటా పడిపోతుంది. బిగువు రహస్యమంతా ఇక్కడే ఉంది: డిస్టార్షన్‌లోకి ఎంత బాస్ (మంద్ర ధ్వని) వెళ్తున్నదన్నదే లెక్క, దాని తరువాత ఎంత బాస్ ఉన్నదన్నది కాదు.

ఇలా ఎందుకు జరుగుతుందో చూద్దాం. మామూలు శ్రుతిలో అన్నిటికన్నా లావు తీగ మోగేది 82.4 హెర్ట్జ్ దగ్గర. దానిపై పవర్ కార్డ్ (మూల స్వరం, దాని పంచమం కలిపి) పట్టుకుంటే రెండో స్వరం 123.5 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఈ రెండూ కలిసి డిస్టార్షన్‌లోకి వెళ్లినప్పుడు వాటి భేదమైన 41 హెర్ట్జ్ ధ్వని కొత్తగా పుడుతుంది. తీగలు మోగించని ఆ ధ్వనే మనకు బురదగా వినిపిస్తుంది. అదీకాక, పెద్ద బాస్ అల యాంప్‌లోని వాక్యూమ్ ట్యూబ్ గ్రిడ్‌ను (సిగ్నల్ లోపలికి వెళ్లే భాగాన్ని) తాకినప్పుడు దాని ముందున్న కెపాసిటర్‌లో ఛార్జ్ పేరుకుని, ఆ ట్యూబ్ మళ్లీ మామూలు స్థితికి రావడానికి కొంత సమయం పడుతుంది. నిమిషానికి 200 బీట్ల వేగంతో పదహారో నోట్లు (బీటుకు నాలుగు) వాయిస్తే ఒక్కో నోటుకు దక్కేది 75 మిల్లీసెకన్లే, ఆ వ్యవధిలో 82 హెర్ట్జ్ అల ఆరుసార్లు మాత్రమే కదలగలదు. అంత ఇరుకైన చోట ట్యూబ్ కోలుకోవడం ఆలస్యమైతే నోటుకూ నోటుకూ మధ్య ఉండవలసిన ఖాళీ మిగలదు.

కాబట్టి యాంప్‌లో టోన్ కంట్రోళ్లు ఎక్కడ ఉన్నాయన్నది ముందుగా తెలుసుకోవాలి. మీసా బూగీ కంపెనీ మార్క్ శ్రేణి యాంప్‌లలో, ముఖ్యంగా పేరుమోసిన మార్క్ టూ సీ ప్లస్ మోడల్‌లో, బాస్, మిడ్, ట్రెబుల్ మూడూ డిస్టార్షన్ దశలకు ముందే వస్తాయి. అందువల్ల అక్కడ బాస్‌ను ఒకటి రెండు అంకెల దగ్గరే ఉంచి, ట్రెబుల్‌ను ఏడెనిమిదికి పెంచితే, పెడల్ చేసే పని యాంప్ లోపలే జరిగిపోతుంది. ఆ విధంగా పోగొట్టుకున్న నిండుదనాన్ని చివరనున్న ఐదు పట్టీల గ్రాఫిక్ ఈక్యూలో (ధ్వనిలోని ఒక్కో భాగాన్ని విడిగా పెంచే, తగ్గించే కంట్రోల్‌లో) 80 హెర్ట్జ్ పట్టీని పెంచి తిరిగి తెచ్చుకోవచ్చు, అప్పటికే డిస్టార్షన్ పూర్తయింది గనుక బిగువుకు నష్టం లేదు. నా దృష్టిలో హై గెయిన్ సమస్యకు ఇంతకన్నా అందమైన పరిష్కారం మరొకటి లేదు.

1992లో వచ్చిన పీవీ 5150 యాంప్‌లోనూ, మీసా డ్యూయల్ రెక్టిఫైయర్ యాంప్‌లోనూ పరిస్థితి తలకిందులు. అక్కడ టోన్ కంట్రోళ్లు డిస్టార్షన్ తరువాత ఉంటాయి కనుక, బాస్ ఎంత తగ్గించినా ధ్వని పలచబడుతుందే తప్ప బిగుసుకోదు. ఇటువంటి యాంప్‌లలో మొదట తగ్గించవలసింది గెయిన్. డ్యూయల్ రెక్టిఫైయర్‌లో అయితే ట్యూబ్ రెక్టిఫైయర్ (కరెంటును ఏకముఖంగా మార్చే భాగం) బదులు సిలికాన్ డయోడ్లను ఎంచుకోవడం వల్ల గట్టిగా మీటినప్పుడు సరఫరా వోల్టేజి కుంగదు. మార్షల్ జేసీఎం 800 సర్క్యూట్ ఈ విషయంలో నయం. ఫెండర్ యాంప్‌లలో ట్యూబ్ కాథోడ్ దగ్గర 25 మైక్రోఫారడ్ కెపాసిటర్ కనిపించే చోట ఈ మార్షల్‌లో 0.68 మైక్రోఫారడ్‌ది ఉంటుంది, దానివల్ల మొదటి దశలోనే బాస్ కొంత ఆగిపోతుంది.

ఏ యాంప్ ఉన్నా గిటార్ దగ్గర చేయగలిగేది చాలా ఉంది. పికప్‌ను (తీగల కంపనాన్ని సిగ్నల్‌గా మార్చే భాగాన్ని) లావు తీగల వైపు కొద్దిగా కిందికి దించడానికి ఒక స్క్రూడ్రైవర్ చాలు, అయినా చాలామంది దాని జోలికి పోరు. శ్రుతి దించి వాయించేవారు లావు తీగలు వేసుకోవాలి, లేకపోతే మీటిన క్షణంలో స్వరం పైకి జారి, తరువాత సర్దుకుంటుంది. 1962లో వచ్చిన ఫెండర్ జాగ్వార్ గిటార్‌లో బాస్‌ను ఒక కెపాసిటర్ ద్వారా కత్తిరించే స్విచ్ అప్పుడే ఉంది. మెటల్‌తో ఏ సంబంధమూ లేని ఆ ఏర్పాటును ఏ గిటార్‌లోనైనా అమర్చుకోవచ్చు.

చేతి సంగతికి వస్తే, పామ్ మ్యూట్ చేసేటప్పుడు (అరచేతి అంచుతో తీగల మోతను అణచేటప్పుడు) అరచేయి బ్రిడ్జ్ (గిటార్ ఒంటిపై తీగలు ఆనే చోటు) నుంచి ఎంత ముందుకు జరిగితే మోత అంత మొద్దుబారుతుంది. మందమైన పిక్‌ను కాస్త వాలుగా పట్టుకుని, బ్రిడ్జ్‌కు దగ్గరగా మీటితే స్వరం మొదలు స్పష్టంగా పలుకుతుంది. నాయిస్ గేట్ (వాయించనప్పుడు వచ్చే రొదను ఆపే పరికరం) వల్ల బిగువు వస్తుందన్న మాటను మాత్రం నేను ఒప్పుకోను, అది నోటు తరువాతి నిశ్శబ్దాన్ని శుభ్రం చేస్తుందే గాని నోటు లోపలి బురదను తీయలేదు.

కంప్యూటర్‌లో యాంప్ సిమ్యులేటర్ (యాంప్‌ను అనుకరించే సాఫ్ట్‌వేర్) వాడేవారికి ఇదంతా ఇంకా సులువు, సిమ్యులేటర్ ముందు ఒక ఈక్యూ పెట్టి 100 నుంచి 150 హెర్ట్జ్ మధ్య హై పాస్ ఫిల్టర్ (ఆ హద్దుకు కిందున్న ధ్వనులను తగ్గించేది) వేస్తే సరిపోతుంది. ఎక్కడ చేసినా తుది సర్దుబాటును బాస్ గిటార్, డ్రమ్స్ మోగుతుండగా, అసలు వాయించే వాల్యూమ్‌లోనే చేయాలి. గదిలో ఒంటరిగా, మెల్లగా వింటూ పెంచుకున్న బాస్, బ్యాండ్ మధ్యలో బాస్ గిటార్ చోటునే ఆక్రమిస్తుంది.