చీటీలో మొదటి వంతు ఎవరిది?

కొందరు కూడి, నెలనెలా తలా ఇంత వేసి, పోగైన మొత్తాన్ని ఒక్కో నెల ఒక్కొక్కరికి ఇచ్చుకునే పద్ధతిని మనం చీటీ అంటాం. మెక్సికోలో దీన్నే తాండా అంటారు, ఇథియోపియాలో ఎకుబ్, ఇండోనేషియాలో అరిసాన్, కొరియాలో కే, ట్రినిడాడ్‌లో సుసు. వీటన్నిటి లెక్కా ఒక్కటే. నాకు ఆసక్తి కలిగించేది మాత్రం, ఎవరి వంతు ఎప్పుడో తేల్చే పద్ధతి చోటుకో రకంగా ఉండడం.

పన్నెండు మంది నెలకు వెయ్యి చొప్పున వేస్తున్నారనుకుందాం. ఎవరికి వారు దాచుకుంటే పన్నెండు వేలు చేతికి రావడానికి ఏడాది పడుతుంది; చీటీలో చివరి వ్యక్తికి తప్ప మిగిలిన అందరికీ ఆ మొత్తం అంతకంటే ముందే అందుతుంది. బెస్లీ, కోట్, లౌరీ అనే ఆర్థికవేత్తలు 1993లో ఈ సంగతినే సిద్ధాంతంగా రాశారు. అంటే మొదట ఎత్తుకున్నవారు అప్పు తీసుకున్నట్టు, చివరివారు అప్పు ఇచ్చినట్టు. కనుక మొదటి వంతు అందుకున్న మనిషి మిగిలిన పదకొండు నెలలూ ఎందుకు కడతారన్నదే అసలు ప్రశ్న.

ఎకుబ్‌లో సాధారణంగా లాటరీ తీస్తారు. అది పక్షపాతానికి తావివ్వదు గానీ, ఎవరి అవసరం ఎంతటిదో దానికి తెలియదు. కరీబియన్ దీవుల్లో చాలాచోట్ల నిర్వాహకురాలే వంతులు నిర్ణయిస్తుంది. ఏళ్ల తరబడి సరిగా కట్టినవారికి ముందు వంతులిచ్చి, కొత్తగా చేరినవారిని చివరికి నెడుతుంది, మధ్యలో ఎవరికైనా ఆపద వస్తే వంతులు మార్చేదీ ఆమే. మన చీటీలోనూ, చైనీయుల హుయ్‌లోనూ పాట ఉంటుంది: డబ్బు అత్యవసరమైనవారు ఎక్కువ తగ్గించి పాడుకుంటారు, ఆ తగ్గింపు మిగిలినవారికి పంపకమవుతుంది, చివరిదాకా ఆగినవారికి ఓపికకు ప్రతిఫలం దక్కుతుంది. చూడడానికి ఇది న్యాయంగానే ఉంటుంది. కానీ మొదటి నెలల్లోనే విపరీతంగా తగ్గించి పాడే మనిషి తర్వాత కట్టలేకపోయే మనిషే కావచ్చు. చిట్ కంపెనీలు పాట నెగ్గినవారిని జామీను అడిగేది ఇందుకే. మన దేశంలో 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ఈ వ్యవహారానికి హద్దులు గీసింది. 2019 సవరణ నిర్వాహకుల కమీషన్ పరిమితిని 5 నుంచి 7 శాతానికి పెంచింది.

ఆర్థిక వ్యవస్థ ఎదిగి బ్యాంకులు విస్తరించాక ఇలాంటి సంఘాలు కనుమరుగవుతాయని మానవశాస్త్రవేత్త క్లిఫర్డ్ గీర్ట్జ్ 1962లో భావించారు. జపాన్‌లో కొంతవరకు అలాగే జరిగింది: అక్కడి చీటీలైన ముజిన్ సంస్థలకు 1915లో చట్టం వచ్చింది, 1951 చట్టంతో అవి పరస్పర బ్యాంకులయ్యాయి, 1989 నుంచి వాటిలో అత్యధికం మామూలు బ్యాంకులుగా మారాయి. మిగిలినచోట్ల ఆ అంచనా నిలవలేదు, దానికి బ్యాంకులు అందుబాటులో లేకపోవడం ఒక్కటే కారణం కాదు. నైరోబీలోని కిబేరాలో ఆండర్సన్, బాలాండ్ చేసి 2002లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, భర్త చేతికి చిక్కకుండా డబ్బు కాపాడుకోవడానికి స్త్రీలు ఈ సంఘాల్లో చేరుతున్నారు. ఖాతాలోని సొమ్మును ఎప్పుడంటే అప్పుడు తీయవచ్చు, ఎవరైనా తీయించవచ్చు. చీటీలో వేసినదాన్ని వంతు రాకుండా తీయలేరు. బ్యాంకులో లోపంగా కనిపించేది ఇక్కడ రక్షణ. బ్రిటన్‌కు వలస వెళ్లిన కరీబియన్లది వేరే అవసరం: బ్యాంకులు అప్పు నిరాకరిస్తే, ఇళ్లకు ముందుగా కట్టాల్సిన సొమ్మును తమ పార్డ్నర్ చీటీలతోనే కూడబెట్టుకున్నారు.

ఇప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కోలోని మిషన్ అసెట్ ఫండ్ ఇలాంటి బృందాలు నడిపి, సభ్యుల చెల్లింపులను, ఎవరు అప్పులు ఎలా తీరుస్తున్నారో నమోదు చేసే క్రెడిట్ బ్యూరోలకు తెలియజేస్తోంది. రుణ చరిత్రే లేని వలసదారులకు ఇది నిజంగా మేలు. అయితే ఇరుగుపొరుగు చీటీలో ఒక నెల డబ్బు ఆలస్యమైతే నిర్వాహకురాలు తన చేతి నుంచి సర్ది ఎవరికీ చెప్పకుండా ఉండగలదు. చెల్లింపులన్నీ బ్యూరోకు వెళ్లే ఏర్పాటులో ఆ వెసులుబాటు ఉండదు.