అమ్మ నొప్పిని డాక్టర్‌కి ఇంగ్లీషులో చెప్పేటప్పుడు

అమెరికాలో ఉంటున్న మనకి, అమ్మానాన్నలు వచ్చినప్పుడు డాక్టర్ దగ్గర వాళ్ల తరఫున మాట్లాడే పని ఎప్పుడో ఒకప్పుడు పడుతుంది. అమ్మ "మోకాలు సలుపుతోందిరా, రాత్రంతా నిద్ర లేదు" అంటుంది, మనం "నీ (knee) పెయిన్" అనేసి ఊరుకుంటాం. సలుపు, పోటు, మంట, లాగడం, పట్టేయడం అని ఆవిడ విడివిడిగా చెప్పినవన్నీ పెయిన్ అనే ఒక్క మాటలో కలిసిపోతాయి. డాక్టర్‌కి కావాల్సింది ఆ తేడాలే. 1975లో మెక్‌గిల్ యూనివర్సిటీ నుంచి రోనాల్డ్ మెల్జాక్ తెచ్చిన నొప్పి ప్రశ్నావళిలో ఇలాంటి మాటలు 78 ఉన్నాయి.

మనకి అన్నీ అక్కర్లేదు. నాడి కొట్టుకున్నట్టు ఉండుండి సలిపితే త్రాబింగ్, సన్నగా ఎడతెగకుండా ఉంటే డల్ ఏక్, పొడిచినట్టుంటే స్టాబింగ్. నడుము నుంచి కాలి కిందిదాకా జివ్వుమని లాగితే షూటింగ్ పెయిన్ అని తప్పకుండా చెప్పండి, నరం నొక్కుకుపోయిందేమో అని వాళ్లు అటువైపు చూస్తారు. తిమ్మిరి అన్నప్పుడు మాత్రం మళ్లీ అడగాలి: స్పర్శ తెలియట్లేదా, చీమలు పాకినట్టుందా? మొదటిది నంబ్‌నెస్, రెండోది టింగ్లింగ్. కళ్లు తిరగడమూ అంతే, గది గిర్రున తిరుగుతోందా, పడిపోతానేమో అనిపిస్తోందా అన్నది తేల్చుకుని చెప్పాలి.

"మై హెడ్ ఈజ్ పెయినింగ్" అన్నా వాళ్లకి అర్థమవుతుంది, గ్రామర్ గురించి టెన్షన్ వద్దు. "మోషన్స్" అంటే అర్థం కాకపోవచ్చు, డయేరియా అనండి.

నాకు నిజంగా భయం వేసేది "గ్యాస్" అనే మాటతోనే. ఛాతీలో బరువుగా ఉన్నా, పట్టేసినట్టున్నా నాన్న గ్యాసే అంటారు, మనమూ అదే చెప్పేస్తాం. గుండెపోటు ప్రతిసారీ నొప్పిగా రాదు, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్లకీ ఆడవాళ్లకీ. చెస్ట్ ప్రెషర్, టైట్‌నెస్ అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. దానికి చెమటలు గానీ ఆయాసం గానీ తోడైతే అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా 911కి ఫోన్ చేయండి.

ఇంకోటి, కొన్ని బాధలు అమ్మ కొడుకు ముందు నోరు విప్పి చెప్పదు. ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రులు ఇంటర్‌ప్రెటర్‌ని ఉచితంగా ఇవ్వాలి, చాలాసార్లు ఫోన్లోనో వీడియోలోనో మాట్లాడిస్తారు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి, ఆ కాసేపు మీరు బయట కూర్చోండి.