కాలేజీ మానాల్సింది వెంటపడినవాడా, ఆ పిల్లా?

2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థినులపై యాసిడ్ దాడి జరిగింది. నిందితులైన ముగ్గురు యువకులు మూడు రోజుల్లోనే ఎన్‌కౌంటర్‌లో చనిపోతే విద్యార్థులు పోలీసు అధికారికి పూలదండలు వేశారు. గాయపడినవారిలో ఒక అమ్మాయి నెల తిరగకముందే కన్నుమూసింది. 2019 ఫిబ్రవరిలో హన్మకొండలో ఒక డిగ్రీ విద్యార్థినిపై, వెంటపడిన యువకుడే పెట్రోలు పోసి నిప్పంటించినప్పుడు కూడా ఎన్‌కౌంటర్ చేయాలన్న మాటే మళ్లీ వినిపించింది. ఘోరం జరిగిన తరువాత ఇంత కోపం తెచ్చుకోగలిగే మనం, అంతకుముందు వాడు బస్టాండులో కాపు కాసిన రోజుల్లో ఏం చేస్తున్నామన్నదే నన్ను వదలని ప్రశ్న.

మా బంధువుల్లో ఇంటర్ చదివే ఒక అమ్మాయి పరకాల నుంచి హన్మకొండకు రోజూ బస్సులో వచ్చేది. ఒక యువకుడు ఎక్కిన చోటి నుంచి దిగిన చోటి దాకా ఆమె వెంటే ఉండి, కొత్త కొత్త నంబర్ల నుంచి మెసేజీలు పెడుతుంటే, ఆమె మొదట చెప్పింది నాకే. చెబుతూనే, "బాపుకు చెప్పకు చిన్నమ్మా, కాలేజీ బంద్ పెట్టిస్తడు" అని బతిమాలింది. ఆమె భయపడినట్టే జరిగింది. విషయం ఇంట్లో తెలిసిన రోజు మొదట ఆమె ఫోన్ లాక్కున్నారు, ఆపైన కాలేజీ మాన్పించారు, సంబంధాలు చూడాలన్న మాట కూడా వచ్చింది. "ఇంతమంది పిల్లలుండంగ నీ ఎంబడే ఎందుకు పడుతుండు?" అని అడిగినవారు ఆమె మీద ప్రేమ లేనివారు కారు. పరువు పోతుందన్న భయం వారి చేత ఆ మాట అనిపించింది. అయితే ఆ మాట విన్న పిల్ల రేపు ఇంతకన్నా పెద్ద ఆపద వచ్చినా నోరు విప్పదు.

పెద్దమనుషుల్లో పంచాయితీ పెట్టి, అబ్బాయి చేత క్షమాపణ చెప్పించి, జరిమానా కట్టించి ముగిద్దామన్నారు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లను లైంగిక ఉద్దేశంతో పదే పదే వెంబడించడం, ఫోన్‌లో వేధించడం పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం 11వ సెక్షన్ కింద నేరమని, అందుకు మూడేళ్ల వరకు జైలు ఉంటుందని వారికి తెలియదు. అంతకన్నా ముఖ్యంగా, అటువంటి నేరం తెలిసినవారు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలని 19వ సెక్షన్ అంటుంది, చెప్పకపోతే శిక్ష వేయవచ్చని 21వ సెక్షన్ అంటుంది. గుట్టుగా రాజీ కుదిర్చిన పెద్దలకు, విషయం తెలిసీ ఊరుకున్న ప్రిన్సిపాల్‌కు కూడా ఇది వర్తిస్తుంది.

పోలీస్ స్టేషన్ మెట్లెక్కితే పిల్ల బతుకు బజారున పడుతుందన్న భయానికి కూడా చట్టంలో సమాధానం ఉంది. వాంగ్మూలం పిల్ల ఇంట్లోనే, లేదా ఆమె కోరుకున్న చోట, వీలైనంతవరకు మహిళా ఎస్సై నమోదు చేయాలి. ఆ సమయంలో యూనిఫాం వేసుకోకూడదు. పిల్ల పేరు, ఫొటో, బడి, వాడకట్టు ఏవీ మీడియాలో రాకూడదు. న్యాయం కోసమేనంటూ బాధితురాలి ఫొటోను వాట్సాప్ గ్రూపుల్లో తిప్పేవారు ఇది గుర్తుంచుకోవాలి.

ఆడపిల్లలను వేధించేవారిని పట్టుకునేందుకు 2014లో హైదరాబాద్‌లో మొదలైన పోలీసు బృందాలు, షీ టీమ్స్, ఇప్పుడు మన వరంగల్‌లోనూ ఉన్నాయి. మఫ్టీలో బస్టాండ్ల వద్ద నిఘా పెడతాయి, పట్టుబడినవారిని తల్లిదండ్రుల ఎదుట కూర్చోబెట్టి కౌన్సెలింగ్ ఇస్తాయి. వెంటపడేవాళ్లలో పదిహేను, పదహారేళ్ల మగపిల్లలు కూడా ఉంటారు కనుక ఆ కౌన్సెలింగ్ చిన్న విషయమని నేను అనుకోను.

మా అమ్మాయి విషయంలో చివరకు ఆమె లెక్చరరే ఇంటికి వచ్చి, తండ్రితో మాట్లాడి, ఫిర్యాదు ఇప్పించారు. కొన్నాళ్లు అదే బస్సులో వచ్చే కూరగాయల అమ్మలు ఆమెను తమ మధ్య కూర్చోబెట్టుకున్నారు. ఆమె మళ్లీ కాలేజీకి వెళ్లింది.

ఈ వేసవి తరువాత కాలేజీలు తెరిచేటప్పుడు ఫీజు గురించి అడిగే తల్లిదండ్రులు, ఎవరైనా వెంటపడుతున్నారని పిల్ల వచ్చి చెబితే ఎవరు వింటారో, పోలీసులకు ఎవరు తెలియజేస్తారో కూడా ప్రిన్సిపాల్‌ను అడగాలని కోరుతున్నాను. 100 (పోలీసు), 1098 (పిల్లల సహాయం), 181 (మహిళల సహాయం) నంబర్లను గేటు దగ్గర రాయించమని కూడా అడగండి.