ఆగిన రోజుల లెక్క

ఈ దేశం వచ్చిన కొత్తల్లో ఇక్కడి భాషలో నాకు ముందుగా వంటబట్టిన మాట "రెండు వారాలు". మా ఫోర్‌మన్ నోట్లో ఎప్పుడూ అదే. టైల్స్ ఎప్పుడొస్తాయి? రెండు వారాలు. వంటగది ఎప్పటికవుతుంది? రెండు వారాలు. పునాది గోతులు ఇంకా తవ్వుతుండగానే ఇల్లు ఎప్పటికవుతుందని అడిగిన ఒకాయనకి కూడా, కాస్త ఆలోచించినట్టు నటించి, "ముందీ దశ దాటనివ్వండి, రెండు వారాలు" అన్నాడు. అది కాలాన్ని కొలిచే మాట కాదని, అడిగినవాళ్ళని ఆ పూటకి ఊరుకోబెట్టే మాటని తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

నేను టైల్స్ మేస్త్రి కింద హెల్పర్‌గా చేరాను. గంటల లెక్కన కూలి. పనున్న రోజుకి డబ్బు, లేని రోజుకి సున్నా. అందుకని జేబులో చిన్న నోటు పుస్తకం పెట్టుకున్నాను. ఎడమ పేజీలో పని చేసిన రోజులు. కుడి పేజీలో పని ఆగిన రోజులు, పక్కన ఎందుకాగిందో ఒక ముక్క: "బోర్డు రాలేదు", "తడి ఆరలేదు", "ఇన్‌స్పెక్టరు గురువారం అన్నాడు". నెలాఖరున డబ్బు తక్కువ వస్తే ఎవర్ని తిట్టుకోవాలో తెలియాలని మొదలుపెట్టాను. పన్నెండేళ్ళయింది. ఇప్పుడు ఇళ్ళవాళ్ళకి తేదీలు చెప్పే పని నాదే. ఆ చెప్పడానికి నాకు పనికొచ్చేవి మాత్రం ఆ కుడి పేజీలే.

ఒక బాత్‌రూం తీసుకుందాం. పాతది పగలగొట్టి కొత్తది చేయాలి. నా పుస్తకంలో ఉన్న ఒక బాత్‌రూం లెక్క ఇది. పగలగొట్టి చెత్త మోయడం రెండు రోజులు. పైపులు రెండు రోజులు, వైరింగ్ ఒకటి. గోడలకి బోర్డు ఒకటి. వాటర్‌ప్రూఫింగ్ ఒకటి. టైల్స్ మూడు. టైల్స్ మధ్య సందులు నింపే గ్రౌట్ ఒకటి, కుళాయిలూ కమోడూ బిగించడం ఒకటి. మొత్తం పన్నెండు. అంతా అయ్యేసరికి క్యాలెండర్‌లో గడిచినవి నలభై ఏడు. అంటే కుడి పేజీలో సెలవులతో కలిపి ముప్ఫై అయిదు గీతలు.

ఆ ముప్ఫై అయిదు రోజులూ ఎవరూ బద్ధకించలేదు. పైపులూ వైర్లూ గోడలో కప్పేసే ముందు తనిఖీ జరగాలి, ఆ మనిషి ఖాళీ దొరికేదాకా ఆగాలి. వాటర్‌ప్రూఫింగ్ మొదటి పూత ఆరితేగానీ రెండో పూత వేయకూడదు. టైల్స్ అంటించిన జిగురు గట్టిపడటానికి ఒక రోజు వదలకుండా గ్రౌట్ పెడితే, టైల్ కదిలి ఆ సందు చెడుతుంది. అన్నిటికన్నా పెద్ద గీత షవర్ గ్లాసుది, అంటే నీళ్ళు బయటికి చిందకుండా షవర్ పక్కన బిగించే అద్దానిది. టైల్స్ అంటించకముందు దాని కొలత తీయడానికి లేదు, ఎందుకంటే ఏ గోడా మనం అనుకున్నంత నిలువుగా ఉండదు. ఆ గ్లాసు టఫెన్డ్ గ్లాసు. ఒకసారి కాల్చి గట్టిపరిచాక దాన్ని కొయ్యడం కుదరదు, కొయ్యబోతే ముక్కలు ముక్కలవుతుంది. కాబట్టి సరిగ్గా కొలిచి, కోసి, ఆ తర్వాతే కాల్చాలి. కొలతకీ బిగింపుకీ మధ్య రెండు మూడు వారాలు. ఆ కాలమంతా బాత్‌రూం చూడ్డానికి పూర్తయినట్టే ఉంటుంది, స్నానానికి మాత్రం పనికిరాదు. ఇంటివాళ్ళకి ఎక్కువ ఒళ్ళు మండేది అప్పుడే.

తడితో బేరమాడటం ఎవరివల్లా కాదు. కాంక్రీటు ఆరితే గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి సిమెంటు నీళ్ళతో కలిసి గట్టిపడుతుంది. తొందరగా ఆరిపోతేనే ముప్పు. అందుకే క్యూరింగ్ అని రోజుల తరబడి నీళ్ళు పట్టేది. ఏడు రోజులకి సుమారు మూడింట రెండు వంతుల బలం వస్తుంది. డిజైన్ లెక్కల్లో చూసేది మాత్రం 28 రోజుల బలం. చలి పెరిగితే ఆ ప్రక్రియే నెమ్మదిస్తుంది. ఇక నేల మీద పోసే సిమెంటు పూత, మేం స్క్రీడ్ అంటాం, దాని కథ ఇంకోటి. దాని మీద చెక్క ఫ్లోరింగ్ పరచాలంటే గట్టిపడితే చాలదు, లోపలి తడి బయటికి పోవాలి. గాలీ వేడీ బాగా ఉంటే మొదటి 50 మిల్లీమీటర్ల వరకు రోజుకు మిల్లీమీటరు చొప్పున అని ఒక మోటు లెక్క. అంటే 50 మిల్లీమీటర్లకి యాభై రోజులు. అంతకన్నా మందమైతే పైనున్న ప్రతి మిల్లీమీటరుకీ ఇంకా ఎక్కువ. చేత్తో తాకితే పొడిగానే ఉంటుంది. తడి కొలిచే మీటరు పెట్టి చూస్తే ఉండదు. ఆగలేక చెక్క పరిచినవాళ్ళ ఇళ్ళలో ఆ చెక్క ఉబ్బి పడవలా లేస్తే, పీకి మళ్ళీ వేసిన సందర్భాలు మూడు నాకు గుర్తున్నాయి. ఆ మూడు చోట్లా ఆదా చేసింది నెల. పోయింది రెండున్నర నెలలు.

ఇంతవరకు చెప్పింది ఎవర్నడిగినా చెప్తారు. ఇళ్ళవాళ్ళ కంట పడనిది ఇంకొకటుంది.

ఆగిన రోజుకి పనివాడికి కూలి లేదు. మీ గోడ ఆరుతున్న పది రోజులూ అతను గదిలో పడుకుని దాని గురించి ఆలోచిస్తూ ఉండడు. అద్దె కట్టాలి, ఇంటికి పంపాలి. ఇంకో ఇంటి పని ఒప్పుకుంటాడు. అక్కడా ఏదో ఒకటి తిరగబడుతుంది. మీ గోడ ఆరిన రోజుకి అతను ఆ ఇంట్లో మోకాళ్ళ మీద కూర్చుని సగం పరిచిన నేల ముందు ఉంటాడు. దాన్ని వదిలి ఎలా వస్తాడు? నాలుగు రోజులు ఆగి వస్తాడు. అతని తర్వాత రావాల్సిన ప్లంబరు ఆ నాలుగు రోజులూ ఊరికే ఉంటాడా, తనూ ఇంకో ఇంటికి పోతాడు. ఇలా పది ఇళ్ళ ఆలస్యాలు ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. మీ వంటగది ఆగింది, మీరెన్నడూ మొహం చూడని మనిషి ఇంట్లో పైపు పగిలినందుకు కావచ్చు. ఆ సంగతి మీకు చెప్పేవాళ్ళు ఉండరు. "మా మనిషికి ఒంట్లో బాగాలేదు" అని చెప్తారు. చెప్పినవాణ్ణి నేనే, ఒకటి రెండుసార్లు కాదు.

నేనూ అదే చేశాను. మొదటి చలికాలంలో కుడి పేజీలో వరసగా తొమ్మిది గీతలు పడ్డాయి. పదో రోజు ఎవరికీ చెప్పకుండా ఇంకో కాంట్రాక్టర్ దగ్గర గోడలు పగలగొట్టడానికి వెళ్ళాను. మా సైటు తెరుచుకున్న రోజున నేను లేను. ఫోర్‌మన్ ఫోన్‌లో అరిచాడు. ఎక్కడున్నావని అడిగాడు. చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత తెలిసిందేమిటంటే, ఆ తొమ్మిది రోజులూ అతను కూడా వేరే ఇంట్లో మెట్లు బిగిస్తున్నాడు.

ఇంకో చిక్కు భాష. మొదట్లో నాకు "అవును", "అవుతుంది", "సరే" తప్ప పెద్దగా వచ్చేవి కావు. మనకి క్రియ చివర ఒక్క "తే" చేరిస్తే షరతు పుట్టేస్తుంది: ఆరితే, వస్తే, ఒప్పుకుంటే. ఇక్కడి భాషలో అదే సంగతి చెప్పాలంటే నేను వాక్యం మొత్తం తలలో తిరగేసి కట్టాలి. అంతలో అడిగినావిడ వెళ్ళిపోయేది. ఒకసారి ఇంటావిడ "శుక్రవారం?" అంది. పంపు భాగం బుధవారం వస్తే, ప్లంబరు గురువారం ఖాళీగా ఉంటే, శుక్రవారం. నా నోట్లోంచి వచ్చింది "అవును, శుక్రవారం". శుక్రవారం సాయంత్రం ఆమె రెండు సూట్‌కేసులతో, బుట్టలో పిల్లితో వచ్చి గుమ్మంలో నిలబడింది. ఇంట్లో నీళ్ళు లేవు. క్షమాపణ మాటొక్కటే వచ్చు నాకు. అదే మూడుసార్లు చెప్పాను.

"తెలియదు" అన్న మాట అప్పటికే వచ్చు. కానీ అనలేదు. పరాయి దేశం నుంచి వచ్చిన పనివాడు తెలియదంటే, ఎప్పటికవుతుందో తెలియదని కాదు, పనే తెలియదని అనుకుంటారేమోనని భయం. నా కింద పనిచేసే కుర్రవాళ్ళకి ఇప్పుడు నేను ముందు నేర్పేది ఆ "తే". "అన్నా, అంత పొడుగు వాక్యం నాకు రాదన్నా" అంటారు. కంఠస్థం చెయ్యమంటాను.

తర్వాత సైటు నిర్వహణ మీద సాయంత్రం క్లాసులకి వెళ్ళాను. అక్కడ విన్నవాటిలో మనసులో నిలిచిపోయిన ముక్కలు కొన్నే. డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో ఈ జబ్బుకి ఒక పేరు పెట్టారట. మన పని మనమే అంచనా వేసుకునేటప్పుడు అంతా సవ్యంగా సాగే కథ ఒకటి అల్లుకుంటాం, వెనకటి పనులు ఎంత పట్టాయో పక్కన పెట్టేస్తాం. కెనడాలో విద్యార్థుల మీద చేసిన ఒక పరిశీలన ఫలితాలు 1994లో వచ్చాయి. పరిశోధన పత్రం ఎన్ని రోజుల్లో పూర్తి చేస్తారని అడిగితే వాళ్ళు చెప్పింది సగటున సుమారు 34 రోజులు. అన్నీ ఎదురు తిరిగితే? సుమారు 49. నిజంగా పట్టింది 55 పైనే. అంటే వాళ్ళు ఊహించిన అధ్వాన్నం కన్నా అసలు సంగతే అధ్వాన్నం. ఆ రాత్రి బస్సులో నవ్వొచ్చింది. మా ఫోర్‌మన్ కాలేజీ మొహం చూడలేదు, ఆ చదువుకున్న పిల్లలకీ అతనికీ తేడా ఏముంది?

అక్కడే నేర్పిన లెక్క ఒకటి ఇప్పటికీ వాడతాను. 1950ల చివర్లో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి పనికోసం తయారుచేసిన పద్ధతి. అన్నీ కలిసొస్తే ఎన్ని వారాలు, మామూలుగా ఎన్ని, అన్నీ చెడితే ఎన్ని అని మూడు అంకెలు తీసుకుంటారు. మధ్య దాన్ని నాలుగుతో హెచ్చవేసి, మూడూ కలిపి, ఆరుతో భాగిస్తారు. 3, 5, 13 అనుకుంటే 3 కి 20 కలిపి, 13 కలిపి, ఆరుతో భాగిస్తే 6. "మామూలుగా అయిదు" అని మనసు చెప్తుంది, లెక్క ఆరు చెప్తుంది. పని ముందుగా అయిపోవడానికి ఒక హద్దుంది, ఆలస్యానికి లేదు కదా.

పెద్ద కట్టడాలే ఆలస్యమవుతాయనీ, చిన్న పనులు చిటికెలో అవుతాయనీ అనుకోవడం కూడా తప్పే. న్యూయార్క్‌లో 102 అంతస్తుల ఎంపైర్ స్టేట్ భవనం 1930 మార్చిలో మొదలై 1931 మే 1న తెరుచుకుంది. ఉక్కు చట్రం వారానికి నాలుగున్నర అంతస్తుల చొప్పున లేచింది. ఒక అంతస్తు చేసిన చెయ్యే మళ్ళీ అలాంటి అంతస్తే చేసింది. ఆస్ట్రేలియాలో సిడ్నీ ఒపేరా హౌస్ 1959లో మొదలైంది, 1963కి అయిపోతుందన్నారు, 1973 అక్టోబరులో తెరిచారు. పైకప్పు గుల్లల ఆకారం ఎలా నిలబెట్టాలో తేలకముందే కింద పని మొదలుపెట్టారు. ఆ తర్వాత తేలింది, కింద కట్టిన స్తంభాలు పైకప్పు బరువు మొయ్యలేవని. పడగొట్టి మళ్ళీ కట్టారు. మా ఇళ్ళలో కూడా రోజూ జరిగేది ఈ రెండోదే. వంటగది అలమరాల బొమ్మ ఖరారు కాకముందే పైపులు వేయించేస్తారు. సింక్ ఒకచోట, పైపు ఇంకోచోట తేలుతుంది.

పాత ఇల్లు బాగుచేయడంలో పైగా ఏదీ రెండోసారి జరగదు. ప్రతి గోడా మొదటి గోడే. విప్పితే లోపల కుళ్ళిన దూలమో, ఏనాటివో పొర ఊడిన వైర్లో, ల్యాబ్‌కి పంపి, ఊపిరితిత్తులకి హాని చేసే ఆస్బెస్టాస్ కాదని తేల్చుకుంటేగానీ ముట్టుకోకూడని పాత షీటో కనిపిస్తుంది. ఇల్లు కట్టి చూడమన్న మన సామెత చెప్పినాయన పాత ఇల్లు బాగుచేయించి ఉండడు.

చివరి చిల్లర పనుల గురించి ఎక్కువ చెప్పను. తలుపు గుబ్బ, ఒక చోట పెచ్చు, వంకర స్విచ్. ఒక్కోటి పావుగంట పని. ఆ పావుగంట కోసం ఎవరూ ఇంకో సైటు వదిలి రారు, అంతే.

గత ఏడాది ఒకావిడ ఇల్లు చూడ్డానికి పిలిచింది. వంటగది, బాత్‌రూం, మధ్యలో ఒక గోడ తీయాలి. నేను పుస్తకం తిరగేసి, అలాంటివి వెనక అయిదిళ్ళకి ఎంత పట్టిందో చూసి, అయిదు నెలలన్నాను. మొహం ముడుచుకుంది. ఇంకొకాయన ఆరు వారాలన్నాడట. పని ఆయనకే ఇచ్చింది. నాకు కోపం రాలేదు. ఆరు వారాలని చెప్పి నేనూ పనులు తెచ్చుకున్నవాణ్ణే.

ఏడో నెలలో ఆమె నుంచి ఫోన్. ఆయన రావడం మానేశాడు, మిగిలింది చూస్తారా అని. వెళ్ళాను. వంటగది అయింది, గోడ పోయింది, బాత్‌రూంలో టైల్స్ బానే అంటించారు. నేను చుట్టూ తిరిగి చూస్తుంటే వెనకే నడిచింది. ఎన్ని వారాలని అడుగుతుందనుకుని మనసులో "తే"లు పేర్చుకుంటున్నాను.

"ఇప్పుడు ఏది ఆగి ఉంది?" అంది.

"గ్లాసు," అన్నాను. "ఇంకా కొలతే తీయలేదు."