ప్యాచ్‌ల ఆర్డర్ నా నెత్తిన పడింది

మా ఫ్లైట్ సిమ్యులేటర్ బృందానికి ప్యాచ్‌లు (సంచుల మీద, బట్టల మీద అంటించుకునే ఎంబ్రాయిడరీ బిళ్ళలు) చేయిద్దామని నోరు జారాను, అంతే, పనంతా నాకే అంటగట్టారు. బొమ్మ మీద గొడవ లేదు, 1935లో తొలిసారి ఎగిరిన డీసీ-3 విమానం అందరికీ ఇష్టమే. తంటా అంతా దారంతోనే. స్క్రీన్ మీద ముచ్చటగా కనిపించిన చిన్న అక్షరాలు ఎంబ్రాయిడరీలో ముద్దలైపోయాయి. నినాదం తీసేశాం (నాకు మొదట్నుంచీ నచ్చలేదు లెండి). రెండో శాంపిల్‌లో ముక్కు కింద చక్రం మొలిచింది! డీసీ-3కి చిన్న చక్రం ఉండేది తోక కింద కదా. మళ్ళీ కుట్టించాం. "నాకు రెండు కావాలి" అన్నవాళ్ళలో సగంమంది డబ్బు అడిగేసరికి మాయం. టెన్షన్ పడుతూనే ఆర్డర్ పెట్టాను. నిన్న పెట్టె వచ్చింది. వెనక వెల్క్రో ఉంది కాబట్టి మొదటిది నా హెడ్‌సెట్ సంచికి అంటించేశాను. కవర్ల మీద అడ్రసులు రాయడం ఇంకా మొదలుపెట్టలేదు.